స్కూలు సిబ్బందికి కౌన్సెలింగ్ సాయం: కంపెనీ ఈఏపీనా, ఊళ్లో కౌన్సెలరా, ఆసుపత్రి ఒప్పందమా?

ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, అందరూ ఈఏపీ అని పిలిచేది, చెప్పుకోడానికి చిన్న విషయమే. డబ్బు యాజమాన్యం కడుతుంది. ఉద్యోగి తన కష్టాన్ని శిక్షణ ఉన్న మనిషితో చెప్పుకుంటారు. ఎవరు వెళ్లారో, ఏం చెప్పారో యాజమాన్యానికి తెలియదు. ఈ చివరి మాట నిలబడితేనే మొదటి రెండూ పనికొస్తాయి. విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి ఏర్పాటు చేద్దామనుకునే కరస్పాండెంట్లు ధరలూ సెషన్ల సంఖ్యా పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం ఒక్కటే ప్రశ్న: మేం వెళ్లినట్టు ఆఫీసుకి తెలుస్తుందా?

ఆ ప్రశ్నను ముందు పెట్టుకుని చూస్తే మా సలహా ఇది. టీచర్లు, ఆఫీసువాళ్లు, డ్రైవర్లు, ఆయాలు అందరూ కలిపి 150 మంది లోపు ఉన్న స్కూలుకి ఊళ్లోని కౌన్సెలర్లతో సెషన్‌కి ఇంత అని ఒప్పందం చేసుకోవడమే మేలు. 300 దాటి, నాలుగైదు ఊళ్లలో శాఖలుంటే కంపెనీ ఈఏపీకి, అంటే బయటి కంపెనీ అమ్మే ప్యాకేజీకి, అర్థం ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్లకి హాస్టల్ ఉందా లేదా అన్నది తేల్చుతుంది. ఆసుపత్రి ఒప్పందం ఈ రెండిట్లో దేనికీ బదులు కాదు, దేన్ని ఎంచుకున్నా దాని వెనక ఉండాల్సింది. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలి మానస్ 14416 నంబరు మాత్రం ఇవేవీ తేలకముందే, ఈరోజే స్టాఫ్‌రూమ్ గోడ మీద ఉండొచ్చు.

కొనేముందు ఒక చీటీ

మీ సిబ్బందికి ఏది బరువుగా ఉందో తెలియకుండా సేవ కొనకండి. ఐదు గడులున్న చిన్న చీటీ చాలు: పని వేళలు, డబ్బు ఇబ్బంది, ఇంటి సమస్యలు, ఒంట్లో నలతా నిద్రా, తల్లిదండ్రులతోనో పైవాళ్లతోనో గొడవలు. ఎక్కువ బాధపెట్టే రెండిటికి టిక్కు పెట్టి డబ్బాలో వేయమనాలి. టిక్కులే, రాత వద్దు. ఏళ్ల తరబడి లెసన్ ప్లాన్లు చూసిన హెచ్ఎంకి ఎవరి దస్తూరీ ఎవరిదో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. గూగుల్ ఫామ్ పెడితే ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ తీసేయండి. తీసేసినా కొందరు నమ్మరు, అందుకే కాగితమే మంచిది.

ఇక్కడే ఒక మాట నిష్ఠూరంగా చెప్పాలి. టిక్కులన్నీ పని వేళల గడిలో పడితే కౌన్సెలింగ్ కొనడం డబ్బు దండగ. ఏప్రిల్, మే ఎండల్లో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెమ్మని టీచర్లకి టార్గెట్లు, పదో తరగతికి ఉదయం స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, ఆపైన ఇంటికి కరెక్షన్ల కట్ట, సెలవు పెడితే జీతంలో కోత, మధ్యలో మానేస్తారేమోనని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో. ఇవి అలాగే ఉంచి కౌన్సెలర్‌ని పిలిస్తే ఆవిడ చేయగలిగింది ఊపిరి ఎలా పీల్చి వదలాలో నేర్పడమే. ఆ డబ్బుతో ఇద్దరు సబ్‌స్టిట్యూట్ టీచర్లని పెట్టుకుంటే రోజూ పోయే లీజర్ పీరియడ్లు వెనక్కి వస్తాయి. అది కూడా సిబ్బంది సంక్షేమమే, బహుశా మొదటిది.

కంపెనీ ఈఏపీ: ఏం వస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది

1940ల్లో అమెరికా కర్మాగారాల్లో తాగుడు సమస్య ఉన్న కార్మికుల కోసం మొదలైన కార్యక్రమాలు పెరిగి పెరిగి ఈఏపీ అయ్యాయి. మన దగ్గర ముందు పెద్ద కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు తీసుకున్నాయి. అందుకే దాని కొలతలన్నీ ఆఫీసు కొలతలు: మనిషికో ఆఫీసు ఈమెయిల్, మనిషికో కంప్యూటరు, తలుపేసుకుని మాట్లాడుకోడానికి ఓ గది. ఇరవై మందికి ఒక పొడుగు బల్ల, రెండు బీరువాలు ఉన్న స్టాఫ్‌రూమ్‌కి దాన్ని తెచ్చేటప్పుడు కత్తిరించి కుట్టుకోవాలి.

ప్యాకేజీలో సాధారణంగా ఉండేవి: 24 గంటల ఫోన్ లైను, ఒక యాప్, ఒక్కో సమస్యకి మూడు నుంచి ఎనిమిది సెషన్లు, భార్యాభర్తలకీ పిల్లలకీ వర్తింపు, కొన్నిట్లో అప్పుల మీదా చట్టపరంగా కూడా సలహా, ఏడాదికి ఒకటో రెండో వర్క్‌షాపులు. బిల్లు మాత్రం తలకి ఇంత అని. వాడినా వాడకపోయినా అంతే.

లెక్క ఇలా వేసి చూడండి. 80 మంది సిబ్బంది, తలకి ఏడాదికి 700 రూపాయలు అనుకుందాం (మీకొచ్చిన కొటేషన్ అంకె వేసుకోండి). 56,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 10,080. స్కూలు ఫీజుల మీద జీఎస్టీ లేదు కాబట్టి కట్టిన పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అది అచ్చంగా ఖర్చే. మొత్తం 66,080. ఏడాదిలో నలుగురు, తలా మూడు సెషన్లు వాడారనుకుంటే 12 సెషన్లు. ఒక్కోటి 5,500 పైమాటే పడింది. అదే నలభై మంది వాడితే చాలా చవక. వాడకం తక్కువైతే కంపెనీకి లాభం, ఎక్కువైతే మీకు లాభం. ఎంతమంది వాడేలా ప్రచారం చేస్తారో, చేయకపోతే ఏమిటో ఒప్పందంలో రాయించాలంటున్నది ఇందుకే.

సంతకం పెట్టేముందు సేల్స్ మనిషి చూపించే స్లైడ్లు పక్కన పెట్టి, ట్రయల్ నంబరు అడిగి మీరే ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిది గంటలకి, ఆదివారం. ముందు రికార్డింగ్ ఏ భాషలో వస్తుందో వినండి. ఇంగ్లీషులో "మీ ఎంప్లాయీ ఐడీ నొక్కండి" అని అడిగిందంటే అక్కడే సగం మంది ఫోన్ పెట్టేస్తారు. మీ ఆయాకి ఐడీ అంటే మెళ్లో వేలాడే కార్డు, అందులో నంబరు ఉందో లేదో ఆవిడకి తెలియదు. తరవాత తెలుగు మాట్లాడే కౌన్సెలర్ లైన్లోకి రావడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. "రేపు తిరిగి ఫోన్ చేస్తాం" అంటే ఏ గంటకో అడగండి. పదకొండింటికి అంటే టీచర్ క్లాసులో ఉంటుంది, ఫోను ఆఫీసులోనో బ్యాగులోనో ఉంటుంది. వచ్చిన కౌన్సెలర్ మన తెలుగు అర్థం చేసుకుంటున్నారా, లేక పుస్తకం చదివినట్టు మాట్లాడుతున్నారా? "గుండెల్లో దడగా ఉంటోందండీ, బడికి బయల్దేరాలంటే కాళ్లు రావట్లేదు" అని చెప్పి చూడండి. వెంటనే గ్యాస్ అనో బీపీ అనో తేల్చకుండా, ఎప్పట్నుంచి, ఏ రోజుల్లో ఎక్కువ అని అడిగితే మనిషి పనికొస్తారు.

ఇంకో తిరకాసు యాప్. లాగిన్‌కి సంస్థ ఈమెయిల్ కావాలంటే చాలా స్కూళ్లలో టీచర్లకి అది ఉండదు. ఉన్నా పాస్‌వర్డ్ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర ఉంటుంది. మొబైల్ నంబరుతో ఓటీపీ ద్వారా తెరుచుకోవాలి. కీప్యాడ్ ఫోను ఉన్న డ్రైవర్‌కి యాప్ లేకుండా మామూలు కాల్ చాలాలి.

కంపెనీకి నిజంగా బలం ఉన్నచోటు కూడా చెప్పుకోవాలి: హాస్టళ్లు. వార్డెన్‌కి కష్టం అర్ధరాత్రి వస్తుంది. ఆ వేళకి ఊళ్లో ఏ కౌన్సెలర్ క్లినిక్కూ తెరిచి ఉండదు. రెసిడెన్షియల్ క్యాంపస్ ఉంటే, సిబ్బంది 200 మందే అయినా, 24 గంటల లైను ఉన్న ఏర్పాటువైపే మొగ్గు చూపండి. బదిలీల మీద ఊరూరూ తిరిగే లెక్చరర్లకి కూడా ఫోన్ కౌన్సెలర్ మారకుండా ఉండటం పెద్ద ఊరట.

ఊళ్లో కౌన్సెలర్, సెషన్‌కి ఇంత

అదే 80 మంది, అదే 66,080 రూపాయలు. సెషన్ 800 అనుకుంటే 82 సెషన్లు వస్తాయి. పన్నెండు మంది తలా నాలుగు సెషన్లు వాడితే అయ్యేది 38,400. మిగిలింది మీ దగ్గరే ఉంటుంది. లెక్క ఇంత తేలిక. కష్టం మనిషిని ఎంచుకోవడంలోనూ, పేరు దాచడంలోనూ ఉంది.

ముందు మనిషి. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగండి, ఇవ్వడానికి తటపటాయిస్తే వదిలేయండి. ఎంఏ, ఎమ్మెస్సీ సైకాలజీ చదివి కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినవాళ్లు ఇంటి గొడవలు, ఒత్తిడి, దుఃఖం లాంటివాటికి సరిపోతారు. వాళ్లని అడగాల్సింది: పెద్దవాళ్లతో ఎన్నేళ్లు పని చేశారు, మీ పనిని ఎవరు పర్యవేక్షిస్తారు, మందులు అవసరమైతే ఏ సైకియాట్రిస్టుకి పంపుతారు. మందులు రాసేది సైకియాట్రిస్టు డాక్టరే. వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసి వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసాలిచ్చేవాళ్లు వేదిక మీద బాగానే ఉంటారు, ఈ పనికి వద్దు.

మీ స్కూల్లో ఇప్పటికే ఉన్న పిల్లల కౌన్సెలర్‌కే ఈ పని అప్పజెప్పాలని అనిపిస్తుంది. సీబీఎస్ఈ స్కూళ్లలో ఆ పోస్టు ఎలాగూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. వద్దు. ఆవిడ కూడా మీ జీతం తీసుకునే ఉద్యోగే, అదే స్టాఫ్ మీటింగ్‌లో కూర్చుంటుంది. పైగా ఒక పిల్లవాడి ఫిర్యాదు ఏ టీచర్ మీదో వస్తే ఇద్దరి మాటా తనే వినాల్సి వస్తుంది.

స్థలం స్కూలు బయట ఉండాలి. ప్రిన్సిపాల్ గది పక్కన శనివారం కౌన్సెలింగ్ గది పెట్టి, ఎవరూ రావట్లేదని ఆశ్చర్యపోవడం మామూలే. ఆ వరండాలో అటెండర్ స్టూలు ఉంటుంది. అక్కడ కూర్చున్నాయన చూశాడంటే మధ్యాహ్నానికి అందరికీ తెలుస్తుంది. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట లాంటి ఆసుపత్రుల వీధులు మంచివి. అక్కడ పదిరకాల డాక్టర్ల మధ్య ఎవరు ఎందుకొచ్చారో ఎవరికీ పట్టదు. బస్సు దిగి నడిచి వెళ్లేంత దూరం, సాయంత్రం అయిదున్నర తరవాత వేళలు, ఆదివారం ఒక పూట. ఈ మూడూ లేకపోతే ఇంటికెళ్లి వంట చేయాల్సిన టీచరమ్మ రాదు.

పేరు దాచడానికి కూపన్ల పద్ధతి పనిచేస్తుంది. ప్రతి ఒక్కరికీ, అడిగినవాళ్లకి మాత్రమే కాదు, ఆరేసి కూపన్లున్న మూసిన కవరు ఇవ్వాలి. కూపన్ మీద స్కూలు ముద్ర, కౌన్సెలర్ ఫోన్ నంబరు, చెల్లుబాటు తేదీ, అంతే. వరస నంబర్లు వేయకండి. వేస్తే ఏ కవరు ఎవరికి ఇచ్చారో రిజిస్టర్‌లో రాసుకోవాలన్న బుద్ధి ఆఫీసులో ఎవరికో ఒకరికి పుడుతుంది. ఉద్యోగి నేరుగా ఫోన్ చేసి వేళ తీసుకుంటారు, సెషన్‌కి ఒక కూపన్ ఇస్తారు. నెలాఖరున కౌన్సెలర్ కూపన్లు కట్టగట్టి పంపిస్తారు. బిల్లులో ఒకే ఒక్క వాక్యం: "ఆగస్టు నెల, సెషన్లు 9, సెషన్‌కి 800 చొప్పున 7,200." తేదీలు ఉండకూడదు. ఏ మంగళవారం ఎవరు పర్మిషన్ తీసుకుని ముందు వెళ్లారో అటెండెన్స్ రిజిస్టర్‌లో ఉంటుంది కదా.

ఊరి కౌన్సెలర్‌తో వచ్చే ఇబ్బంది ఒకటి తప్పదు: బంధుత్వాలు. కృష్ణకి అటూ ఇటూ ఎవరిని కదిపినా ఎవరికో ఒకరికి చుట్టం. "ఆవిడ మా తోడికోడలి స్నేహితురాలు" అన్న ఒక్క కారణంతో మనిషి ఆగిపోతారు. అందుకని ఒక్కరితో కాక ముగ్గురితో ఒప్పందం పెట్టుకోండి. ఇద్దరు మీ ఊళ్లో, వాళ్లలో ఒకరైనా మహిళ. మూడోవాళ్లు పక్క ఊరివాళ్లు, ఫోన్ మీద. బెజవాడ స్కూలుకి గుంటూరు కౌన్సెలర్, గుంటూరు స్కూలుకి బెజవాడ కౌన్సెలర్. సెషన్‌కే డబ్బు కాబట్టి ముగ్గురున్నా ఖర్చు పెరగదు.

ఆపద వేళ కూడా దగ్గరున్నవాళ్లే అక్కరకొస్తారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటిలాంటి పరిస్థితిలో, లేదా క్యాంపస్‌లో ఒక పిల్లవాడు చనిపోయినప్పుడు, సిబ్బందితో కూర్చోడానికి ఒకటి రెండు రోజుల్లో మనిషి రావాలి. కంపెనీని అయితే ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి: 48 గంటల్లో తెలుగు వచ్చిన మనిషిని ఇక్కడికి పంపగలరా, దానికి విడిగా ఎంత?

ఆసుపత్రి, ఇన్సూరెన్స్, ఉచిత సేవలు

కౌన్సెలింగ్‌తో తీరనివి ఉంటాయి: వారాల తరబడి నిద్ర లేకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు, తాగుడు, లేని మాటలు వినపడటం. వీటికి సైకియాట్రిస్టు కావాలి. ప్రైవేటు ఆసుపత్రితో ఒప్పందంలో మీరు కోరాల్సింది డిస్కౌంటు కాదు, సాయంత్రం ఓపీలో త్వరగా అపాయింట్‌మెంట్. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఖర్చు లేదు కానీ ఓపీ వేళా బడి వేళా ఒకటే. దానికి సగం పూట సెలవు, కారణం అడక్కుండా, ఇస్తేనే దారి తెరుచుకుంటుంది. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ చందా కట్టేవాళ్లకి ఈఎస్ఐలో మానసిక వైద్యం కూడా ఉంది. విజయవాడ గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పేస్లిప్‌లో ఈఎస్ఐ కోత ఉన్న ఆయాలు, డ్రైవర్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం శారీరక జబ్బులకి ఎలాగో మానసిక జబ్బులకీ అలాగే బీమా ఇవ్వాలి. నిజమే. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారానికోసారి కౌన్సెలింగ్‌కి వెళ్లిరావడం ఓపీ కింద వస్తుంది, ఓపీ కవర్ మీ పాలసీలో ఉందో లేదో చూసుకోండి.

టెలి మానస్ 14416 కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. రాత్రింబవళ్లు, ఉచితం, తెలుగులో. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరాన్ని బట్టి నిపుణులకి కలుపుతారు. మీ చిన్న స్కూలుకి రాత్రి లైను కొనే స్తోమత లేకపోతే ఈ నంబరే ఆ లోటు తీర్చేది. వారం వారం అదే మనిషి దొరకాలంటే మాత్రం ఊళ్లో కౌన్సెలరే దిక్కు.

చీటీల్లో డబ్బు గడి నిండితే సైకాలజిస్టు కంటే వకీలు ముందు కావాలి. అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన సంగతి, 2015 డిసెంబర్‌లో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం, విజయవాడ మర్చిపోలేదు. ఇప్పుడు దాని పక్కన లోన్ యాప్‌లు చేరాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, 15100 నంబరు: మహిళలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం. ఇంట్లో హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181. వీటిని కూపన్ కవర్లోనే ఒక కాగితం మీద అచ్చేసి పెట్టండి, విడిగా పంచితే తీసుకోడానికి మొహమాటపడతారు.

ఒప్పందంలో రాయించాల్సినవి

ఏ ఏర్పాటైనా కాగితం మీద ఇవి ఉండాలి. యాజమాన్యానికి మూడు నెలలకోసారి మొత్తం సంఖ్య మాత్రమే. పదిమంది కంటే తక్కువ ఉన్న విభాగానికి విడి లెక్క ఇవ్వకూడదు. హిందీ పండిట్లు ఇద్దరే ఉన్నచోట "భాషల విభాగం: 1" అంటే పేరు చెప్పినట్టే. రికార్డులు కౌన్సెలర్ దగ్గరే ఉంటాయి, ఒప్పందం ముగిసినా స్కూలు చేతికి రావు. మధ్యలో ఒప్పందం ఆగితే సగంలో ఉన్నవాళ్ల సెషన్లు పూర్తి చేయాలి. ఉద్యోగిలో ఏదో తేడా గమనించి ప్రిన్సిపాలే వెళ్లమని చెప్పొచ్చు, కానీ వెళ్లారా అని అడగకూడదు. క్రమశిక్షణ చర్యకి కౌన్సెలింగ్‌ని ముడిపెట్టకూడదు.

గోప్యతకి హద్దులు కూడా మొదటి రోజే సిబ్బందికి చెప్పాలి. తన ప్రాణానికో ఇతరుల ప్రాణానికో వెంటనే ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, పిల్లల మీద లైంగిక వేధింపు సంగతి బయటపడినప్పుడు. ఈ చివరిది కౌన్సెలర్ ఇష్టం కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. బడిలో పనిచేసేవాళ్ల కౌన్సెలింగ్‌లో ఈ సందర్భం రాదనుకోవద్దు. అలాగే పైవాడి లైంగిక వేధింపు గురించి టీచర్ చెప్పుకుంటే కౌన్సెలింగ్‌తో సర్దేయకూడదు. పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా, పని చోట మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకి గడువు మూడు నెలలు. కౌన్సెలర్ ఆ దారి చూపించాలి.

కొందరు ప్యాకేజీలో ఆన్‌లైన్ స్క్రీనింగ్ కలుపుతారు. అది డిప్రెషన్‌ని అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నాపత్రం అయితే తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. జవాబు అవునని వస్తే అదే రోజు మాట్లాడే మనిషి సిద్ధంగా లేకపోతే ఆ ప్రశ్నాపత్రం పంచనేకూడదు. సిబ్బంది మొత్తం ఎలా ఉన్నారో తెలుసుకోడానికే అయితే మనసు ఎంత బాగుందో కొలిచే ఐదు ప్రశ్నల డబ్ల్యూహెచ్ఓ-5 చాలు. మార్కులు 25కి, నాలుగుతో హెచ్చవేస్తే నూటికి. 50 కన్నా తక్కువ వచ్చినవాళ్లని పట్టించుకోవాలంటారు. పేర్లు లేకుండా, సగటు మాత్రమే చూసుకోండి.

మొదలుపెట్టే నెల కూడా ముఖ్యమే. జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. పుస్తకాలూ యూనిఫాంల హడావుడి తగ్గిన జులై సరైనది. ఫిబ్రవరి, మార్చిలో పదో తరగతి పరీక్షల ముందు మొదలుపెడితే కవర్లు డ్రాయర్లలోనే ఉండిపోతాయి. పరిచయ సమావేశం పని వేళల్లోనే పెట్టాలి, ఆదివారం రమ్మంటే అదే ఇంకో ఒత్తిడి. డ్రైవర్లకీ ఆయాలకీ విడిగా పెట్టండి, టీచర్ల మధ్య వాళ్లు నోరు విప్పరు. ఆ సమావేశంలో కౌన్సెలర్ మాట్లాడుతున్నప్పుడు కరస్పాండెంట్, ప్రిన్సిపాల్ గదిలో ఉండకూడదు.

డిసెంబర్‌లో, అప్పటిదాకా వచ్చిన కూపన్లు లెక్కపెట్టండి. ఆరు నెలల్లో పది కూడా రాకపోతే సిబ్బందికి సమస్యల్లేవని కాదు. చోటో, వేళో, మనిషో, నమ్మకమో కుదరలేదు. ముగ్గురిలో ఒక్కరికే అన్నీ వెళ్తుంటే మిగతా ఇద్దరినీ మార్చండి. అన్నీ పక్క ఊరి ఫోన్ కౌన్సెలర్‌కే వెళ్తుంటే ఊళ్లో ఎవరి కళ్లనో తప్పించుకుంటున్నారన్నమాట. అప్పుడు వచ్చే ఏడాదికి ఫోన్ సెషన్లు పెంచి, ఊళ్లో గది మార్చండి.